సన్నాయి నేర్చే పిల్లలకు ముందు ఊపిరి వదలడం నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

గడచిన మాఘమాసంలో ఒంగోలుకు దగ్గరలోని ఒక పల్లెలో పెళ్ళికి మేళం వాయించడానికి వెళ్ళాము. ముహూర్తం తెల్లవారుజామున రెండు గంటల నలభై నిమిషాలకు. నా పక్కన రెండో సన్నాయి పట్టినవాడు పందొమ్మిదేళ్ళ కుర్రవాడు. నా దగ్గర చేరి ఏడాదే అయింది, అంతకు ముందు నాలుగేళ్ళు మరొకచోట నేర్చుకున్నాడు. జీలకర్రా బెల్లం పెట్టించే వేళకు వాడు మోహనరాగంలో తారస్థాయి షడ్జం, అంటే పై స్థాయి ‘స’ మీద నిలిచి ఉన్నాడు. పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అన్నారు. డోలు ఒక్కసారిగా ఉరిమింది. వాడు పట్టిన స్వరం ముగించకుండానే, ఛాతీలో ఉన్న గాలి మీదే మరికొంత గాలి గబుక్కున గుంజుకుని, మెడనరాలు తేలేలా ఊదాడు. పది క్షణాలలో కళ్ళు బైర్లు కమ్మి డోలు మీదికి ఒరిగిపోయాడు. డోలు వాయించే పెద్దాయన ఎడమచేత్తో వాడిని ఆపి, కుడిచేత్తో నడక తప్పకుండా మేళం ముగించారు. పెళ్ళివారు మంచివారు, పిల్లవాడు తిన్నాడో లేదోనని మజ్జిగ తెచ్చి ఇచ్చారు. వాడు కడుపునిండా తినే వచ్చాడు. తెల్లవారిన తరువాత ఏమైందిరా అని అడిగితే, "గాలి చాలలేదు మాస్టారూ, ఇంకా సాధకం చెయ్యాలి" అన్నాడు.

ఈ ఉత్తరం ఆ మాట గురించే. వాడికి గాలి చాలకపోవడం కాదు, ఎక్కువైంది. వాడికి కావలసింది మరిన్ని గంటల సాధకం కాదు, వేరే రకం సాధకం. మన ప్రాంతంలో సన్నాయి, క్లారినెట్, బ్యాండు మేళంలోని ట్రంపెట్ నేర్చుకుంటున్న చాలామంది పిల్లలు ఇదే పొరపాటులో ఉన్నారు. నేర్పేవాళ్ళలోనూ చాలామందిమి ఇదే పొరపాటులో పెరిగినవాళ్ళమే కనుక దీన్ని పత్రికాముఖంగా చెప్పవలసి వస్తున్నది.

ముందు శరీరం సంగతి చెబుతాను. నిండుగా ఊపిరి పీల్చిన పెద్దవాడి ఊపిరితిత్తులలో సుమారు ఆరు లీటర్ల గాలి పడుతుంది. మామూలుగా కూర్చున్నప్పుడు మనం లోపలికి తీసుకుని బయటికి వదిలేది అరలీటరే. ఎంత గట్టిగా వదిలినా చివర లీటరు పైచిలుకు గాలి లోపలే ఉండిపోతుంది. ఇక సన్నాయిలో గాలి వెళ్ళే దారి చూడండి. పీక అంటే నోట పెట్టుకుని ఊదే రెల్లు ముక్క. దాని రెండు రేకుల మధ్య సందు చాలా సన్నది. ఆ సందులోంచి గాలిని తోయడానికి ఒత్తిడి చాలా కావాలి, బయటికి పోయే గాలి మాత్రం తక్కువ. అందువల్ల ఒక దీర్ఘమైన సంగతి, అంటే ఒక్క ఊపున వాయించే స్వరాల వరుస, ముగిసేసరికి వాయించినవాడి ఛాతీలో గాలి ఇంకా మిగిలే ఉంటుంది. ఆ మిగిలింది వాడేసిన గాలి, అందులో బొగ్గుపులుసు వాయువు పేరుకుని ఉంటుంది. మనకు ఊపిరాడనట్టు అనిపించేది ప్రధానంగా ఆ వాయువు పేరుకోవడం వల్లే. ఊపిరాడడం లేదని పిల్లవాడు ఏం చేస్తాడు? పాతగాలి వదలకుండా దాని మీదే కొత్తగాలి కుక్కుతాడు. నాలుగు సంగతులు గడిచేసరికి ఛాతీ బిగిసిపోయి, భుజాలు చెవుల దాకా లేచి, లోపల ఒత్తిడి పెరిగి, గుండెకు తిరిగి రావలసిన రక్తం తగ్గి కళ్ళు తిరుగుతాయి. ఆ రాత్రి మా కుర్రవాడికి జరిగింది ఇదే.

పాశ్చాత్యుల ఓబో కూడా మన సన్నాయిలాగే రెండు రేకుల పీక ఉన్న వాద్యం. దాన్ని నేర్పే గురువులు శిష్యులకు మొదట్లోనే చెప్పే మాట ఒకటుంది: విరామం దొరికినప్పుడు ముందు ఊపిరి బయటికి వదులు, తరువాతే పీల్చు. కొన్ని చోట్ల విరామం మరీ చిన్నదైతే ఒక విరామంలో వదలడం, మరో విరామంలో పీల్చడం కూడా చేస్తారు. వేణువు సంగతి దీనికి తలకిందులు. దానికి పీక లేదు, పెదవి దగ్గరే గాలి సగం వృథాగా పోతుంది, వేణువు వాయించేవారికి నిజంగానే గాలి అయిపోతుంది. కనుక వేణువు గురువు చెప్పిన సలహాను సన్నాయి పిల్లవాడు, సన్నాయి గురువు చెప్పిన సలహాను వేణువు పిల్లవాడు కళ్ళు మూసుకుని పాటించడం మంచిది కాదు. ఊదే వాద్యాలన్నీ ఒకటేనని ఒకే మాట అందరికీ చెప్పే అలవాటు ఇకనైనా మానాలి.

నా అనుభవం కూడా చెప్పాలి. నాకు పదకొండో ఏట సన్నాయి చేతికిచ్చిన మొదటి గురువుగారి పేరు ఇక్కడ అనవసరం. ఆయన విద్వత్తు మీద నాకు ఈనాటికీ గౌరవం ఉంది. కానీ ఆయనకు ఊపిరి గురించి తెలిసింది ఒక్కటే మాట: "దమ్ము పెంచరా". దమ్ము ఎలా పెరుగుతుందో చెప్పేవారు కాదు. బుగ్గలు బూరెల్లా పొంగించి, గొంతు బిగించి, తెల్లవారుజామున నాలుగు గంటల నుంచి ఏడు గంటల దాకా ఆపకుండా ఊదేవాణ్ణి. పెదవి లోపలి వైపు పుండు పడి నెత్తురు వస్తే పసుపు అద్దుకుని మళ్ళీ ఊదేవాణ్ణి. పదహారో ఏట ఊరేగింపులో రథం ముందు రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాను. నాకు ఈ విద్య అచ్చిరాదని ఇంట్లోవాళ్ళు అన్నారు, నేనూ అదే నమ్మి దాదాపు ఏడాది సన్నాయి ముట్టుకోలేదు. తిరిగి పట్టించినవారు మా బంధువర్గంలోని ఒక పెద్దాయన, గుడిలో శ్రుతి పట్టేవారు. జీవితమంతా ఒకే స్వరం ఊదినవారు కనుక ఆయనను విద్వాంసుడని ఎవరూ అనలేదు. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన పొట్ట మీద నా చెయ్యి పెట్టించి వాయించారు. చేతి కింద పొట్ట నెమ్మదిగా లోపలికి పోయింది, చివర ఒక్క క్షణం ముక్కులోంచి మిగిలిన గాలి "హుఁ" అని బయటికి వచ్చింది, ఆ వెంటనే పొట్ట దానంతట అది ముందుకు పొంగింది. భుజాలు కదలనే లేదు. "పీల్చుకోవడం నువ్వు చెయ్యనక్కర్లేదురా అబ్బాయి, ఖాళీ చేస్తే అదే వస్తుంది" అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా నేను వాయిస్తున్నది, నేర్పిస్తున్నది ఆ ఒక్క మాట ఆధారంగానే.

మన యోగశాస్త్రంలో పూరకం (పీల్చడం), కుంభకం (బిగబట్టడం), రేచకం (వదలడం) అని మూడు మాటలున్నాయి. సన్నాయి పిల్లలను చూస్తే వాళ్ళకు పూరకం మీద బెంగ, కుంభకం మీద గర్వం, రేచకం మీద మాత్రం పట్టింపు లేదనిపిస్తుంది. ప్రాణాయామం చెయ్యండి, దమ్ము పెరుగుతుందని ఈమధ్య ప్రతివారూ చెబుతున్నారు. ప్రాణాయామాన్ని నేను తక్కువ చెయ్యను, కానీ ఊపిరి బిగబట్టడం సాధన చేసిన పిల్లవాడు వాయించేటప్పుడు కూడా స్వరం ఎత్తుకునే ముందు గొంతు బిగబట్టడం అలవాటు చేసుకుంటాడు. పీల్చడం ముగిసిన చోటనే స్వరం మొదలు కావాలి, నడుమ తాళం వేసిన తలుపు ఉండకూడదు. సన్నాయి వాయించేవాడికి కావలసింది పొడుగైన, నిదానమైన, చివరిదాకా సమంగా సాగే రేచకం. కింది పక్కటెముకలు, పొట్ట నలువైపులా విచ్చుకునేలా గాలి లోపలికి రావడం, ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ నడుమ ఉండే కండరం) నెమ్మదిగా సడలుతుండగా పొట్ట కండరాలు కింది నుంచి ఆసరా ఇస్తూ గాలిని బయటికి నడపడం, ఇదీ పని. గొంతుకు ఇందులో పనే లేదు.

పెళ్ళి నుంచి వచ్చిన మర్నాడు మా కుర్రవాడి చేతిలోంచి సన్నాయి తీసేసుకున్నాను. వారం రోజులు దాన్ని ముట్టుకోనివ్వలేదు. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద పంచాంగం పెట్టాను. ఊపిరి తీసుకుంటే పంచాంగం లేవాలి, ఛాతీ లేవకూడదు. మొదటిరోజు పంచాంగం కదలలేదు, మెడ మాత్రం కదిలింది. మూడో రోజుకు లేవడం మొదలైంది. అప్పుడు ఆదితాళం వేయమన్నాను. లఘువు నాలుగు అక్షరాలలో పీల్చాలి, తరువాత ఒక పూర్తి ఆవర్తనం, ఎనిమిది అక్షరాలు, పళ్ళ సందులోంచి సన్నగా వదలాలి, ఆపైన రెండు అక్షరాలలో మిగిలింది పూర్తిగా ఊది పారేయాలి. తాళం వేసే చెయ్యి వణకకూడదు, వదిలే శబ్దం మొదట్లో ఎంత ఉందో చివరా అంతే ఉండాలి. ఎనిమిది అక్షరాలు సుఖంగా వచ్చాక పన్నెండు, ఆ తరువాత పదహారు. తల తిరిగినట్టనిపిస్తే వెంటనే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోవాలి, పట్టుదల పనికిరాదు. ఇదంతా పడుకుని, తరువాత కూర్చుని, తరువాత నిలబడి చేయించాను, ఎందుకంటే గుడి ఊరేగింపులో వాయించేది నడుస్తూనే.

వారం గడిచాక పీక ఒక్కటే ఇచ్చాను, కర్ర, అంటే సన్నాయి గొట్టం, ఇవ్వలేదు. పీక ఒంటరిగా ఊదినప్పుడు వచ్చే కీచుధ్వని ఒకే ఎత్తులో నిలబడితే ఊపిరి నిలకడగా ఉన్నట్టు లెక్క. ఆ తరువాతే సన్నాయి, అదీ ఆధార షడ్జం, అంటే శ్రుతికి ఆధారమైన ‘స’ ఒక్కటే. మొదట్లో వాడి షడ్జం రెండు ఆవర్తనాలు దాటితే కిందికి జారేది, పెదవి బిగించి దాన్ని పైకి లాక్కునేవాడు. ఇప్పుడు జ్యేష్ఠమాసం వచ్చేసరికి నాలుగు ఆవర్తనాలు శ్రుతిపెట్టెతో కలిసి నిలుస్తున్నది, బుగ్గలు పొంగడం లేదు. నాలుగు నెలల్లో వచ్చింది ఇంతే. నాలుగేళ్ళ అలవాటు మాన్పించడానికి నాలుగు నెలలు ఎక్కువేమీ కాదని నా అభిప్రాయం.

సాధకం గంటల లెక్క గురించి కూడా చెప్పాలి. రోజుకు ఆరు గంటలు, ఎనిమిది గంటలు సాధకం చేశామని పెద్దలు చెప్పుకున్న మాటలు మనందరం విన్నవే. ఆ మాటలు అబద్ధమని నేను అనను. కానీ ఆ గంటల్లో ఎంత భాగం ఊదారు, ఎంత భాగం పాడుకున్నారు, ఎంత భాగం గురువు వాయిస్తుంటే విన్నారు అనేది ఎవరూ చెప్పరు. పెదవి చుట్టూ ఉన్న కండరాలు చిన్నవి, త్వరగా అలసిపోతాయి. అలసిన పెదవితో వాయిస్తే పిల్లవాడు పీకను పళ్ళతో కరుస్తాడు. కరిస్తే శ్రుతి పైకి పోతుంది, ధ్వని సన్నబడుతుంది, దాన్ని సరిచేయడానికి మరింత బలంగా ఊదుతాడు. అలా చేసిన మూడో గంట సాధకం మొదటి గంటలో నేర్చుకున్నదాన్ని చెరిపేస్తుంది. నేను నా విద్యార్థులకు పెట్టిన నియమం ఇరవై నిమిషాలు ఊదడం, దాదాపు అంతసేపు సన్నాయి పక్కన పెట్టి అదే భాగాన్ని తాళం వేస్తూ నోటితో పాడడం. పొద్దున రెండు మూడు విడతలు, సాయంత్రం రెండు విడతలు. మొదటి విడత దీర్ఘస్వరాలకు, కింది స్థాయికి మాత్రమే. నిద్రలేచీ లేవగానే తారస్థాయి ఎక్కడం చల్లటి ఇనుమును వంచడం లాంటిది. మొదటి పాఠాలైన సరళి వరిసలు, జంట వరిసలు మాయామాళవగౌళ రాగంలో ఒకటో కాలంలో, అంటే నిదానంగా వాయించినప్పుడే ఊపిరి దోషాలన్నీ బయటపడతాయి. మూడో కాలంలో వేలి వేగం వాటిని కప్పేస్తుంది. అందుకే వేగంగా వాయించే పిల్లవాడిని చూసి తల్లిదండ్రులు మురిసిపోతున్నప్పుడు నాకు భయమేస్తుంది.

కీర్తనలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది కూడా సాధకంలో భాగమే, దీన్ని నేర్పేవారు మరీ తక్కువ. మనది సాహిత్యం ఉన్న సంగీతం. సన్నాయిలో మాట వినిపించకపోయినా, కీర్తన తెలిసిన శ్రోత మనసులో మాట వింటూనే ఉంటాడు. "దశరథ" అన్న మాట నడుమ ఊపిరి తీసుకుంటే "దశ" వేరు, "రథ" వేరు అయిపోయి, వింటున్న తెలుగువాడికి పంటికింద రాయి తగిలినట్టవుతుంది. కనుక కీర్తన చేతికి రాకముందే నోటికి రావాలి, అర్థం తెలియాలి, నోటు పుస్తకంలో సాహిత్యం రాసుకుని ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోవాలి. పెద్ద ఊపిరికి పొడుగు గీత, పాతగాలి వదలడానికి మాత్రమే దొరికే చిన్న సందుకు పొట్టి గీత. సాధకంలో ప్రతిసారీ అదే చోట ఊపిరి తీసుకోవాలి. స్వరాలను ఎంత కచ్చితంగా వల్లెవేస్తామో ఊపిరిని కూడా అంత కచ్చితంగా వల్లెవేయాలి. ఆలాపనలో ఈ గీతలుండవు నిజమే, కానీ కీర్తనలో క్రమశిక్షణ వచ్చినవాడికి ఆలాపనలో ఎక్కడ ఆగాలో చెప్పనక్కర్లేదు.

ఈమధ్య సెల్‌ఫోన్లలో వీడియోలు చూసి పిల్లలు మరో కోరికతో వస్తున్నారు: ముక్కుతో పీలుస్తూ, బుగ్గల్లో దాచిన గాలితో ఊదుతూ, స్వరం తెగకుండా నిమిషాల తరబడి వాయించడం నేర్పమని. ఇది మనకు కొత్త కాదు. మేళంలో శ్రుతి పట్టేవారు తరతరాలుగా చేస్తున్నదే, పాములవాళ్ళు సొరకాయ బుర్రతో చేసిన నాగస్వరం ఆగకుండా ఊదేది కూడా ఇలాగే. కానీ పునాది లేని పిల్లవాడికి దీన్ని ముందే నేర్పితే బుగ్గలు పొంగించే అలవాటు స్థిరపడిపోతుంది. పైగా ముక్కుతో చిన్న గుటకలుగా వచ్చే గాలి లోపలి పాతగాలిని బయటికి పంపదు. శ్రుతికి అది అవసరం, రాగానికి అలంకారం మాత్రమే. రాగం కూడా ఊపిరి తీసుకోవాలి, ఆ విరామంలోనే విన్నది శ్రోత మనసులో ఇంకుతుంది.

ఊపిరి దోషమని మనం అనుకునేదానిలో కొంత భాగం నిజానికి పీక దోషం. కావేరీ తీరాన పెరిగే రెల్లుజాతి గడ్డితో చేసిన పీక ఎండితే మొద్దుబారుతుంది, రేకులు విచ్చుకుపోతాయి, మామూలు కంటే రెట్టింపు బలంతో ఊదినా పలకదు. మే నెల ఎండలో పందిట్లో అరగంట వాయించకుండా కూర్చుంటే చాలు, పీక ఎండిపోతుంది. కర్రకు దారంతో వేలాడే అదనపు పీకలు, వాటిని సరిచేసే సూది అలంకారానికి కాదు. వాయించే ముందు తడిపి, రేకుల సందు వెలుతురుకు ఎత్తి చూసుకుని, రెండు మూడు పీకలు వంతులవారీగా వాడుకునే పిల్లవాడికి సగం కష్టం తప్పుతుంది. కొత్త పీకను కచేరీ రోజున మొదటిసారి పెట్టకూడదు, పది రోజులు కొద్దికొద్దిగా వాయించి దాన్ని మచ్చిక చేసుకోవాలి. గురువుగారి పీక శిష్యుడు, శిష్యుడి పీక తోటి శిష్యుడు నోట పెట్టుకోవడం మన పాఠశాలల్లో ఇంకా జరుగుతున్నది. క్షయ లాంటి జబ్బులున్న దేశంలో ఇది చాలా ప్రమాదకరం, గురుభక్తి పేరుతో దీన్ని సమర్థించుకోకూడదు. వాయించాక కర్ర లోపలి తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. బ్యాగ్‌పైప్ (గాలిసంచి ఉన్న ఊదే వాద్యం) వాయించే ఒకాయనకు ఆ వాద్యం లోపల పెరిగిన బూజు వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయిన ఉదంతాన్ని బ్రిటన్ వైద్యులు 2016లో ప్రచురించారు. ఆయన మూడు నెలలు ఆస్ట్రేలియా వెళ్ళి వాద్యం ముట్టనప్పుడు జబ్బు నెమ్మదించిందట. మన వాద్యం వేరు కావచ్చు, తడి మాత్రం తడే.

మన జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాగారిని ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. తండ్రి కాశిం సాహెబుగారి దగ్గర, చిలకలూరిపేట ఆదం సాహెబుగారి దగ్గర నేర్చుకుని, మన ప్రాంతంలో పేరు తెచ్చుకున్న తరువాత కూడా తంజావూరు బాణీ మీద మక్కువతో వెళ్ళి అక్కడి నాదస్వర విద్వాంసులు నాచ్చియార్‌కోయిల్ సోదరుల దగ్గర మళ్ళీ శిష్యుడై కూర్చున్నారు. ఆ తరువాత శ్రీరంగంలో స్థిరపడి, తమిళులు తమ సొంత వాద్యంగా భావించే నాదస్వరంలో (మనం సన్నాయి అనేది దీన్నే) వారిచేతనే అగ్రశ్రేణి విద్వాంసుడనిపించుకుని, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి అయ్యారు. ఆయన వాయించిన రాగాలాపనలు రికార్డుల్లో దొరుకుతున్నాయి. వాటిని విద్యార్థులు స్వరాల కోసం వింటారు. ఒక్కసారి ఊపిరి కోసం వినమని నా మనవి. సంగతికీ సంగతికీ నడుమ ఆయన ఎక్కడ ఆగుతారో, ఆగిన తరువాత వచ్చే మొదటి స్వరం ఎంత మెత్తగా మొదలవుతుందో కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ వింటే, ఏ గురువూ చెప్పలేని పాఠం దొరుకుతుంది. పేరు వచ్చాక కూడా అలవాట్లు మార్చుకోవడానికి సిద్ధపడిన ఆ మనిషి పుట్టిన జిల్లాలో, నాలుగేళ్ళు నేర్చిన పిల్లవాడు మొదటినుంచి ఊపిరి దిద్దుకోమంటే చిన్నతనంగా భావించడం నాకు బాధ కలిగిస్తుంది.

సాధకానికి చోటు లేకపోవడం మరో పెద్ద ఇబ్బంది. సన్నాయి ఆరుబయట వాయించడానికి పుట్టిన వాద్యం. పూర్వం చెరువుగట్టు మీదనో, మామిడితోపులోనో సాధకం చేసేవారు. ఈనాడు పిల్లలు రెండు గదుల అద్దె ఇళ్ళలో, ఇరుగుపొరుగు తిడతారని అనసులో (సన్నాయి చివరి గరాటులాంటి భాగంలో) గుడ్డ కుక్కి, గొంతు నొక్కినట్టు వాయిస్తున్నారు. ధ్వనిని అణచడానికి గొంతు బిగించడం అలవాటైన పిల్లవాడికి పందిట్లో కూడా గొంతు విచ్చుకోదు. షెహనాయి విద్వాంసులు బిస్మిల్లాఖాన్‌గారు కాశీలో బాలాజీ ఆలయంలో సాధన చేశారన్నది ప్రసిద్ధమే. మన రెండు రాష్ట్రాల దేవాదాయ శాఖలూ తమ పరిధిలోని గుళ్ళలో, ఉత్సవాలు లేని రోజులలో, పొద్దున రెండు గంటలపాటు ఒక మండపాన్ని సన్నాయి, డోలు విద్యార్థులకు వదిలితే ఖర్చు ఏమీ ఉండదు, సుప్రభాతవేళ గుడికి నాదమూ దక్కుతుంది.

సంగీత పాఠశాలల పెద్దలకు ఒక విన్నపం. తిరుపతిలో దేవస్థానం వారి నాదస్వర పాఠశాల ఉంది, ఇతర పట్టణాలలో ప్రభుత్వ సంగీత కళాశాలలు ఉన్నాయి. నేను చూసినంతవరకు పరీక్ష అంటే వర్ణాలు, కీర్తనలు అప్పజెప్పించుకోవడమే. మొదటి ఏడాది పరీక్షలో ఒక్క అంశం కలపండి: విద్యార్థి ఆధార షడ్జాన్ని ఎంతసేపు, ఎంత సమంగా, భుజాలు లేపకుండా, బుగ్గలు పొంగించకుండా నిలుపుతున్నాడో చూడండి. దానికి మార్కులుంటే పిల్లలు సాధన చేస్తారు. ఏడాదికి ఒకసారి ఊపిరితిత్తుల వైద్యుడిని పిలిపించి విద్యార్థులను పరీక్ష చేయించండి. గజ్జల్లో వాపు, కళ్ళు తిరగడం, ఛాతీలో నొప్పి, చెవుల్లో హోరు ఉన్న పిల్లలు సిగ్గుపడో, మేళంలో చోటు పోతుందని భయపడో బయటికి చెప్పరు. తమిళనాడులోని నరసింగంపేటలో చేసిన మంచి నాదస్వరం కొనడానికి అప్పు చేసే తల్లిదండ్రులను నేనెరుగుదును. ఆ కర్రకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, సంతోషమే. ఆ కర్రలోకి గాలి పంపే శరీరం మీద కూడా కొంత శ్రద్ధ పెట్టమని మాత్రమే నేను అడుగుతున్నాను. ఖైనీ, గుట్కా నమిలే అలవాటు మేళగాళ్ళలో ఉందని అందరికీ తెలుసు. రాత్రి మేలుకోవడానికని మొదలుపెట్టి పెదవిని, దమ్మును రెండింటినీ పోగొట్టుకున్నవాళ్ళు నా ఈడువాళ్ళలోనే ఉన్నారు.

పెళ్ళివారికి కూడా రెండు మాటలు. మేళాన్ని హోమగుండం పొగ సూటిగా వచ్చే వైపున కూర్చోబెట్టకండి. ఇప్పుడు కొత్తగా వచ్చిన పొగ యంత్రాలను సన్నాయివారి మొహం మీదికి తిప్పకండి. సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము దాకా ఆపకుండా వాయించమని అడగకండి, గంటకు పది నిమిషాలు విశ్రాంతి, అందుబాటులో మంచినీళ్ళు ఉంటే చాలు. భోజనం ముహూర్తానికి రెండు గంటల ముందే పెట్టండి. నిండు కడుపు మీద పొట్ట నిండుగా ఊపిరి పడదు. పురోహితులకు నా ప్రార్థన ఏమిటంటే, గట్టిమేళం అనబోయే ముందు ఒక్కసారి మావైపు చూడండి. మీరు చూసిన ఆ ఒక్క క్షణంలో మేము పాతగాలి వదిలి కొత్తగాలి తీసుకుంటాము.

మా కుర్రవాడు రాబోయే శ్రావణమాసం ముహూర్తాలకు మళ్ళీ రెండో సన్నాయి పడతాడు. ఈలోగా కరవది, చిలకలూరిపేట, చీరాల ప్రాంతాలలో గుడి మేళాలలో శ్రుతి పట్టిన పెద్దలు, బ్యాండు మేళాలలో క్లారినెట్ వాయించిన పెద్దలు ఎవరైనా ఉంటే, తమకు ఊపిరి ఎవరు నేర్పారో, ఏ మాటలతో నేర్పారో ఈ శీర్షికకు రాయమని కోరుతున్నాను. నాకు నేర్పిన పెద్దాయన చదువు రానివారు, ఒక్క అక్షరం రాసిపెట్టలేదు. ఆయన పొట్ట మీద చెయ్యి పెట్టి చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే.

భవదీయుడు,
ఒక సన్నాయి ఉపాధ్యాయుడు,
ఒంగోలు.